బిడియస్థుడైన విద్యార్థి – ప్రథమ సంవత్సరం

ప్రథమ సంవత్సరపు తరగతిలో అడుగుపెట్టిన ప్రతి అధ్యాపకునికీ ఒక అనుభవం ఉంటుంది. హాజరు పట్టీ తెరచి పేర్లు పిలుస్తుంటే కొందరు విద్యార్థులు గది మారుమోగేటట్లు పలుకుతారు. కొందరు మామూలుగా పలుకుతారు. ఒకరిద్దరి పేర్లు మాత్రం రెండు మూడు సార్లు పిలవవలసి వస్తుంది. అప్పుడు వెనుక వరుసలో, గోడవారగా, ఒక చేయి సగం లేచి వెంటనే దిగిపోతుంది. ఆ సగం లేచిన చేయి గల విద్యార్థిని గూర్చి నాలుగు మాటలు విన్నవించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

డిగ్రీ మొదటి సంవత్సరం విశ్వవిద్యాలయ విద్యకు తొలి మెట్టు. ఆ మెట్టుమీద తెలివి చాలక జారిపడేవారు కొందరైతే, తెలివి ఉండీ నోరు మెదపలేక జారిపడేవారు మరికొందరు. మొదటివారిని పరీక్షా ఫలితాలు పట్టి చూపుతాయి. రెండవవారిని పట్టి చూపేది ఏదీ లేదు. అందుకే వారిని గూర్చి ప్రత్యేకంగా ఆలోచించవలసి ఉన్నది.

బిడియం అనగానేమి?

సిగ్గు, బిడియం, వినయం అనే మాటలను మనం తరచు ఒకదానికి బదులు మరొకటి వాడుతుంటాము. కాని వాటి అర్థాలు ఒకటి కావు. చేయరాని పని చేసినప్పుడు కలిగేది సిగ్గు. తనకన్న ఎక్కువ తెలిసినవారు ఉన్నారని ఎరిగి మెలగడం వినయం. ఏ తప్పూ చేయకపోయినా, నలుగురిలో నోరు విప్పితే ఏమనుకుంటారో అని వెనుకాడడం బిడియం. ఉర్దూలో కూడ హయా వేరు, ఝిజక్ వేరు. హయా మనిషిని చెడునుండి ఆపుతుంది. ఝిజక్ మంచినుండి కూడ ఆపుతుంది. మొదటిది గుణం, రెండవది అలవాటు. గుణాన్ని నిలుపుకోవాలి, అలవాటును మార్చుకోవచ్చు.

మన ఇండ్లలో ఈ భేదాన్ని అంతగా పాటించము. "మా వాడు నోట్లో నాలుక లేనివాడు" అని బంధువుల ఎదుట మురిసిపోతాము. "మా అమ్మాయి గొంతు పక్క గదికి కూడ వినిపించదు" అని గొప్పగా చెప్పుకుంటాము. పద్దెనిమిది ఏండ్లు ఏ మౌనాన్ని మెచ్చుకున్నామో, కళాశాలలో చేర్చిన మరునాడే ఆ మౌనాన్ని విడిచిపెట్టమంటే బిడ్డలకు సాధ్యమవుతుందా?

మరొక మాట కూడ ఇక్కడే చెప్పాలి. మితభాషిత్వం దోషం కాదు. తక్కువ మాట్లాడి ఎక్కువ వినేవారు, ఏకాంతంలో సుఖించేవారు లోకంలో ఎందరో ఉన్నారు. వారిని మార్చవలసిన అవసరం లేదు. మాట్లాడవలసిన చోట మాట్లాడాలని మనసులో ఉండి కూడ మాట్లాడలేకపోవడమే మనం ఆలోచించవలసిన విషయం.

ప్రథమ సంవత్సరమే ఎందుకు కష్టం?

ఇంటర్మీడియెట్ వరకు విద్యార్థిని వెనుకనుండి తోసేవారు ఉంటారు. చదవకపోతే అడుగుతారు, రాకపోతే ఇంటికి కబురు పంపుతారు. డిగ్రీలో ఆ తోపు ఆగిపోతుంది. ఇక్కడ కావలసినది తానే వెళ్ళి అడిగి తెచ్చుకోవాలి. అడగనిదే అమ్మైనా పెట్టదని మన సామెత. అడగడమే చేతకానివానికి ఈ మార్పు ఎంత బరువో ఊహించవచ్చు.

రెండవది భాష. పదవ తరగతి వరకు ఉర్దూ మాధ్యమంలోనో తెలుగు మాధ్యమంలోనో చదివినవారికి ఇక్కడ పాఠం ఇంగ్లీషులో వినిపిస్తుంది. విషయం తెలిసినా వాక్యం కుదరదు. వాక్యం కుదుర్చుకునేలోగా ప్రశ్న మరొకరికి వెళ్ళిపోతుంది. నాలుగు రోజులు ఇట్లా జరిగితే "నాకు రాదు" అని విద్యార్థి తీర్మానించుకుంటాడు. నిజానికి రానిది విషయం కాదు, ఆ పూటకు ఆ వాక్యం మాత్రమే.

మూడవది కార్యాలయం. ఉపకార వేతనానికి బోనఫైడ్ కావాలి, ఆదాయ ధ్రువపత్రం కావాలి, ఆధార్‌తో జోడించిన బ్యాంకు ఖాతా కావాలి, అన్నీ గడువులోగా జరగాలి. కిటికీ దగ్గర గుంపు ఉంటే బిడియస్థుడు వెనుక నిలబడతాడు. తన వంతు వచ్చేసరికి భోజన విరామమవుతుంది. రేపు రావచ్చునని వెళ్ళిపోతాడు. మన విద్యార్థులలో పలువురికి ఆ ఉపకార వేతనమే చదువుకు ఆధారం. ఇక్కడ బిడియం వెల మార్కులలో కాదు, రూపాయలలో ఉంటుంది.

నాలుగవది కాలం. 2015, 2016 సంవత్సరాలలో ఉభయ తెలుగు రాష్ట్రాల డిగ్రీ కళాశాలల్లో సెమిస్టర్ పద్ధతి ప్రవేశించినప్పటినుండి విద్యార్థికి నెమ్మదిగా కుదురుకునే వ్యవధి తగ్గిపోయింది. తోటివారి పేర్లు తెలిసేలోపే మొదటి అంతర్గత పరీక్ష వస్తుంది.

ఒక మహనీయుని ఉదాహరణ

మహాత్మా గాంధీ 1888లో భావనగర్‌లోని శామలదాస్ కళాశాలలో చేరారు. అక్కడి ఆచార్యులు మంచి పేరున్నవారే. అయినా వారి ఉపన్యాసాలు ఆ యువకునికి అందలేదు. తప్పు ఆచార్యులది కాదని, తానే అపరిపక్వంగా ఉన్నానని ఆయన ఆత్మకథలో ఒప్పుకున్నారు. మొదటి టర్ము ముగియగానే ఇంటికి తిరిగి వచ్చారు. అనగా మహాత్ముడంతటివాడు ప్రథమ సంవత్సరంలోనే కళాశాల విడిచినవాడు.

అదే సంవత్సరం ఆయన న్యాయశాస్త్రం చదవడానికి లండన్ వెళ్ళారు. అక్కడ శాకాహార సంఘం కార్యవర్గంలో సభ్యుడై ఉండి కూడ సమావేశాలలో మాట్లాడలేకపోయేవారు. ఒకసారి తన అభిప్రాయాన్ని కాగితంమీద వ్రాసుకొని వెళ్ళినా చదవడానికి ధైర్యం చాలక, మరొకరు చదవవలసి వచ్చింది. 1891లో బారిస్టరై తిరిగి వచ్చిన తరువాత బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో తొలి కేసు వచ్చింది. సాక్షిని ప్రశ్నించడానికి లేచి నిలబడగానే తల తిరిగింది. ఒక్క ప్రశ్న కూడ తోచలేదు. కూర్చుండిపోయి, తీసుకున్న 30 రూపాయల రుసుము తిరిగి ఇచ్చివేశారు.

ఇట్టి మనిషి 1893లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా నగరంలో, ఎక్కువ మంది మేమన్ వర్తకులు ఉన్న సభలో, తొలిసారి చెప్పుకోదగిన ఉపన్యాసం చేశారు. వ్యాపారంలో సత్యం పాటించడాన్ని గూర్చి, అక్కడి భారతీయులు పడుతున్న కష్టాలను గూర్చి మాట్లాడారు. ఇంగ్లీషు నేర్చుకోదలచినవారికి తానే నేర్పుతానన్నారు. ముగ్గురు ముందుకు వచ్చారు. వారిలో ఇద్దరు ముస్లింలు – ఒకరు క్షురకుడు, మరొకరు గుమాస్తా. మూడవవాడు ఒక చిన్న హిందూ దుకాణదారు.

బొంబాయి కోర్టుకు, ప్రిటోరియా సభకు మధ్య గడచినది రెండేండ్లు మాత్రమే. ఆయన గొంతు మారలేదు, స్వభావమూ మారలేదు. మారినది దృష్టి. కోర్టులో "నేను ఎట్లా కనబడుతున్నాను?" అన్నది ప్రశ్న. ప్రిటోరియాలో "వీరికి ఏమి కావాలి?" అన్నది ప్రశ్న. తనను తాను చూసుకుంటున్నంతసేపు మనిషికి మాట రాదు. ఎదుటివారి అవసరాన్ని చూడగానే మాట దానంతట అదే వస్తుంది. ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన ముఖ్య విషయం ఇదే.

మా అనుభవం

ఈ సత్యం మాకు పుస్తకాలవల్ల తెలియకముందే అనుభవంవల్ల తెలిసింది. మా ఇంటి మాట ఉర్దూ, మా బడి మాట తెలుగు. తెలుగు ఎమ్.ఏ.లో చేరిన మొదటి రోజున ఒక సహాధ్యాయి మా పేరు విని, "మీకు ఉర్దూ ఎమ్.ఏ.లో సీటు రాలేదా?" అని అడిగాడు. అతనిలో దురుద్దేశం లేదు, ఆశ్చర్యం మాత్రమే ఉన్నది. అయినా ఆ ఒక్క మాటతో మా నోరు మూతపడింది. ఆ వారంలోనే అధ్యాపకులు ఛందస్సులో ఒక చిన్న ప్రశ్న వేశారు. జవాబు మాకు తెలుసు. ఎవరూ చెప్పలేదు. మేమూ చెప్పలేదు. ఉచ్చారణలో ఎక్కడైనా ఇంటి యాస దొర్లితే, ఆ ఆశ్చర్యం మరల అందరి ముఖాలలో చూడవలసి వస్తుందని భయపడ్డాము. చివరకు అధ్యాపకులే జవాబు చెప్పి పాఠం సాగించారు. ఆ రాత్రి వసతి గృహంలో మాకు నిద్ర పట్టలేదు.

దాదాపు మూడు నెలలు ఇట్లే గడిచాయి. ఒకనాడు మరొక సహాధ్యాయి పాత దస్తావేజు నకలు ఒకటి తెచ్చి, అందులోని మాటలకు అర్థం చెప్పమని మమ్మల్ని అడిగాడు. మేము ఒక్కొక్క మాటే విడదీసి చెప్పసాగాము. అర్జీ, జవాబు, వసూలు, ఖరీదు, జప్తు – ఇవన్నీ అరబ్బీ, పారశీక భాషలనుండి ఉర్దూ మీదుగా తెలుగు ఇండ్లలోకి వచ్చి స్థిరపడినవే. వినేవారు ఇద్దరు నలుగురైనారు, నలుగురు పదిమంది అయినారు. గంటసేపు మాట్లాడిన తరువాత గాని మేము గంటసేపు మాట్లాడినట్లు మాకు తెలియలేదు. అదే విషయంమీద ఆ నెలలో మా మొదటి సెమినార్ పత్రం చదివాము. చేతులు వణికిన మాట నిజం. అయినా పత్రం పూర్తయింది. ఏ ఇంటి భాషవల్ల మేము బెదిరామో, ఆ ఇంటి భాషే మాకు మాట తెచ్చిపెట్టింది.

శాస్త్రజ్ఞుల మాట

బిడియస్థుడు తానొక్కడే ఇట్లా ఉన్నాడని భావిస్తాడు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఫిలిప్ జింబార్డో 1970లలో ఈ విషయంమీద విస్తృతంగా సర్వే జరిపారు. ప్రశ్నించినవారిలో సుమారు 40 శాతం మంది తాము బిడియస్థులమేనని చెప్పారు. జీవితంలో ఏదో ఒక దశలో బిడియపడినవారు 80 శాతానికి పైగా ఉన్నారు. ఈ లెక్కన, వెనుక బెంచీలో ముడుచుకొని కూర్చున్న విద్యార్థి చుట్టూ అతని వంటివారే కూర్చొని ఉన్నారన్నమాట.

అందరూ తననే చూస్తున్నారన్నది అతని రెండవ భ్రమ. 2000 సంవత్సరంలో ప్రచురితమైన ఒక పరిశోధనలో, తోటివారు చూస్తే చిన్నతనంగా ఉండే ఒక గాయకుని బొమ్మ గల చొక్కాను విద్యార్థులకు తొడిగి ఇతరులున్న గదిలోకి పంపారు. గదిలోనివారిలో దాదాపు సగం మంది ఆ బొమ్మను గమనించి ఉంటారని తొడుగుకున్నవారు అనుకున్నారు. నిజానికి గమనించినవారు సుమారు నాలుగవ వంతు మాత్రమే. 2018లో ప్రచురితమైన మరొక పరిశోధనలో, కొత్తవారితో మాట్లాడిన తరువాత ఎదుటివారు తమను ఇష్టపడిన దానికన్న తక్కువగా ఇష్టపడి ఉంటారని మనుషులు తలపోస్తారని తేలింది. మనం మాట్లాడిన తీరు మనకు తోచినంత చెడ్డగా ఎదుటివారికి తోచదని దీని సారాంశం.

విద్యార్థి చేయదగినవి

ఒకటి. మొదటి వారంలోనే రెండవ వరుసలోనో మూడవ వరుసలోనో చోటు చూసుకోవాలి. వెనుక కూర్చున్నవానికి నలభై తలలు అడ్డుగా కనబడతాయి. ముందు కూర్చున్నవానికి బోర్డు, అధ్యాపకుడు మాత్రమే కనబడతారు. అప్పుడు మాట్లాడడం ఒక్కరితో మాట్లాడినట్లే ఉంటుంది.

రెండు. పేరు పిలిచినప్పుడు గొంతు నిండుగా పలకాలి. రోజుకు ఐదు పీరియడ్లు, సెమిస్టరుకు తొంబై పనిదినాలు అనుకుంటే, నలుగురిలో గొంతు వినిపించడానికి ఇవి 450 అవకాశాలు. ఇంతకన్న సులభమైన అభ్యాసం మరొకటి లేదు.

మూడు. వారానికి ఒక్క ప్రశ్న అడగాలని నియమం పెట్టుకోవాలి. ప్రశ్నను ముందే కాగితంమీద వ్రాసుకోవాలి. తరగతిలో అడగలేకపోతే తరగతి ముగిసిన తరువాత వరండాలో అడగాలి. అధ్యాపకులు వరండాలో మరింత మంచివారుగా ఉంటారని మా అనుభవం.

నాలుగు. స్నేహం కొరకు స్నేహం వెదకడం బిడియస్థునికి కష్టం. పని మీద పలకరించడం సులభం. "నిన్నటి నోట్సు ఉన్నదా?" అన్న మాటతో మొదలైన స్నేహాలు ఎన్నో ఉన్నాయి. తరగతి అంతటితో పరిచయం అక్కరలేదు. మొదటి సెమిస్టరుకు ఇద్దరు చాలు.

ఐదు. ఏదో ఒక బాధ్యత స్వీకరించాలి. 1969లో ప్రారంభమైన జాతీయ సేవా పథకం కావచ్చు, ఆటలు కావచ్చు, ఈ వార్షిక సంచికకు రచనలు సేకరించే పని కావచ్చు. చెట్లు నాటడానికి గుంతలు త్రవ్వుతున్నప్పుడు ఎవరూ తన గొంతును గూర్చి ఆలోచించరు. "పార ఇటు ఇవ్వు" అనడంతో మాట మొదలవుతుంది. పైన గాంధీజీ విషయంలో చెప్పిన రహస్యమే ఇక్కడా పనిచేస్తుంది.

ఆరు. మొదటి సెమినార్‌ను ఐదు నిమిషాలకు మించి సిద్ధం చేసుకోవద్దు. మొదటి రెండు వాక్యాలు కంఠస్థం చేయాలి. గొంతెత్తి ఇంటిలో చెల్లెలి ఎదుటనో, వసతి గృహం మేడమీదనో మూడుసార్లు చెప్పి చూసుకోవాలి. మనసులో చదువుకున్నది సభలో నోటికి రాదు.

ఏడు. ఇంగ్లీషు రాలేదని మౌనం వహించవద్దు. మొదటి ప్రశ్నలు ఉర్దూలోనో తెలుగులోనో అడగవచ్చు. 1918లో హైదరాబాదులో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో శాస్త్రాలనన్నిటినీ బోధించింది. విద్య ఏ ఒక్క భాష సొత్తూ కాదు. ఇంగ్లీషు తప్పక నేర్చుకోవాలి. అది వచ్చేదాకా నోరు కట్టుకొని కూర్చోవాలని మాత్రం ఎక్కడా లేదు.

ఎవరైనా నవ్వితే ఏమి చేయాలి? నవ్విన నాపచేనే పండుతుందని పెద్దలన్నారు. నవ్వినవారు మరునాటికి ఆ సంగతి మరచిపోతారు. అడిగి తెలుసుకున్నది మాత్రం మనవద్దనే ఉంటుంది.

ఇక ఒక హెచ్చరిక. నలుగురి మధ్యకు వెళ్ళాలంటేనే గుండె దడ, చెమటలు, వారాల తరబడి తరగతి ఎగవేయడం, తిండి నిద్రలు తప్పడం – ఇట్టి లక్షణాలుంటే అది కేవలం బిడియం కాదు. వైద్యుని సలహా అవసరం. అందులో సిగ్గుపడవలసినది లేదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి-మానస్ సేవకు 14416 నంబరుపై ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

అధ్యాపకులు, కళాశాల చేయదగినవి

భారమంతా విద్యార్థి మీదనే మోపి ఊరుకోవడం న్యాయం కాదు. ఇక్కడ మా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. కొన్ని ఏండ్ల క్రిందట ప్రథమ సంవత్సరపు విద్యార్థిని ఒకామెకు మా సబ్జెక్టులో హాజరు 75 శాతానికి తగ్గినట్లు తేలింది. ఆమె ఏమీ అనలేదు. రుసుము చెల్లించి మినహాయింపు కోరడానికి డబ్బు కూడబెడుతున్నదని మాకు తరువాత తెలిసింది. ఆమె స్నేహితురాలు ఉండబట్టలేక ఆమెను మా వద్దకు తీసుకొని వచ్చింది. "సార్, ఈమె ఒక్క రోజు కూడ మానలేదు" అన్నది. నోటు పుస్తకం తెప్పించి చూశాము. మేము గైర్హాజరు వేసిన తేదీలన్నిటా మా పాఠం ఆ పుస్తకంలో ఉన్నది. మేము మరచిపోయిన ఉదాహరణలు కూడ ఉన్నాయి. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగితే, "మీరు వ్రాసింది తప్పని మీతో ఎట్లా చెప్పాలి సార్?" అన్నది.

పట్టీ సవరించాము. కాని ఆ మాట మా మనసులోనే ఉండిపోయింది. ఆమె చేసినది మెల్లగా పలకడం మాత్రమే. మేము చేసినది తల ఎత్తి చూడకపోవడం. రెండింటిలో పెద్ద తప్పు ఎవరిదో వేరుగా చెప్పనక్కరలేదు. ఆనాటినుండి మేము ముఖం చూసిన తరువాతనే గుర్తు వేస్తున్నాము.

కళాశాల కమిటీ పెద్దలకు కొన్ని సూచనలు సవినయంగా సమర్పిస్తున్నాము. నూతన విద్యార్థుల కొరకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2019లో దీక్షారంభ్ అనే పరిచయ కార్యక్రమాన్ని రూపొందించింది. అది పెద్దల ప్రసంగాలతో ముగిసిపోకూడదు. ఇరవై మందికి ఒక అధ్యాపకుని చొప్పున నియమించి, సంవత్సరం పొడుగునా నెలకు ఒకసారైనా ఒక్కొక్కరితో విడిగా మాట్లాడే ఏర్పాటు చేయాలి. ఉపకార వేతనాల గడువు రోజుల్లో కార్యాలయం కిటికీ ప్రక్కన ఒక బల్ల వేసి, ఉర్దూ, తెలుగు మాధ్యమాలలో చదివి వచ్చిన పై తరగతి విద్యార్థులను సహాయానికి కూర్చోబెట్టాలి. తరగతిలో ప్రశ్న వేసిన వెంటనే జవాబు కోరక, ముందు ప్రక్కవారితో రెండు నిమిషాలు చర్చించుకొమ్మంటే, పెదవి విప్పనివారు కూడ విప్పుతారు.

ర్యాగింగ్‌ను నిషేధిస్తూ మన రాష్ట్రంలో 1997లోనే చట్టం వచ్చింది. నిధుల సంఘం నిబంధనలు 2009లో వచ్చాయి. కాని బిడియస్థుడు ఫిర్యాదు చేయడు. కాబట్టి ఫిర్యాదు వచ్చేదాకా ఆగక, కమిటీ సభ్యులే వసతి గృహానికి వెళ్ళి అడిగి తెలుసుకోవాలి.

ముగింపు

హాజరు అనే మాట కూడ అరబ్బీనుండి ఉర్దూ ద్వారా మనకు వచ్చినదే. ఎదుట ఉండడం అని దాని అర్థం. తరగతిలో కూర్చొని కూడ ఎదుట లేనట్లు ఉండిపోయే విద్యార్థులు ప్రతి సంవత్సరమూ కొందరు ఉంటారు. ప్రథమ సంవత్సరంలో వారు ఒక్క ప్రశ్న అడిగితే, తృతీయ సంవత్సరంలో మరొకరి ప్రశ్నకు జవాబు చెప్పగలరు.

ప్రియ విద్యార్థులారా! మీ వినయాన్ని విడువవద్దు. బిడియాన్ని మాత్రం రోజుకు కొంచెం చొప్పున విడిచిపెట్టండి. మీకు తెలిసిన విషయం మీ ప్రక్కవానికి అవసరమై ఉండవచ్చు. మీరు అడగబోయే ప్రశ్న తరగతిలో మరో పదిమంది మనసులో ఉండవచ్చు. రేపు మీ పేరు పిలిచినప్పుడు చేయి పూర్తిగా ఎత్తండి. తల ఎత్తి చూసే బాధ్యత మాది.